గోడ కట్టమని అడిగింది భక్తులే

2000 సెప్టెంబరు 14న వాషింగ్టన్‌లో అమెరికా ప్రతినిధుల సభ ఒక హిందూ పూజారి ప్రార్థనతో మొదలైంది. ఆయన పేరు వెంకటాచలపతి సముద్రాల, ఒహాయో రాష్ట్రంలో పార్మా అనే ఊళ్లోని శివ విష్ణు ఆలయ పూజారి. ఆ సభలో హిందువు ఒకరు ప్రారంభ ప్రార్థన చేయడం అదే మొదటిసారి. సరిగ్గా అదే దేశంలో, 1962లో, స్కూలు పిల్లలచేత రోజూ పొద్దున 22 మాటల చిన్న ప్రార్థన చెప్పించడం రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. చట్టసభలో ప్రార్థన కోసం 1789 నుంచీ జీతమిచ్చి మతగురువును పెట్టుకుంటున్నారు. స్కూల్లో టీచరు ప్రార్థన చేయిస్తే మాత్రం కుదరదు.

మనవాళ్లలో చాలామందికి ఈ తికమక ఉంది. డాలరు నోటు మీద దేవుడి పేరుంది, అధ్యక్షుడు బైబిలు మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేస్తాడు, మరి చర్చి వేరు, ప్రభుత్వం వేరు అన్న మాటకి అర్థమేమిటి అని అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. జవాబు కావాలంటే చర్చికీ ప్రభుత్వానికీ మధ్య ఈ గోడ ఎవరికి, ఎందుకు అవసరమైందో ముందు తెలియాలి.

రాజ్యాంగంలో 'గోడ' అన్న మాట లేదు, 'చర్చి' అన్న మాటా లేదు. 1791లో అమల్లోకి వచ్చిన మొదటి సవరణలో మతం గురించి ఉన్నది ఒక్క వాక్యంలో ఒక భాగం మాత్రమే. దాని సారాంశం రెండు నిషేధాలు. కాంగ్రెస్, అంటే అమెరికా పార్లమెంటు, ఏ మతాన్నీ అధికార మతంగా నిలబెట్టే చట్టం చేయకూడదు. ఎవరి మతాచరణనూ అడ్డుకునే చట్టమూ చేయకూడదు. అంతకుముందే అసలు రాజ్యాంగంలో ఆరో అధికరణం ఇంకో మాట చెప్పింది: ఏ ప్రభుత్వ పదవికీ మతాన్ని అర్హతగా పెట్టరాదు. అధ్యక్షుడి ప్రమాణంలో బైబిలు ఆచారమే తప్ప నిబంధన కాదు. 1901లో థియోడర్ రూజ్‌వెల్ట్ బైబిలు లేకుండానే ప్రమాణం చేశారు.

ఇప్పుడు వర్జీనియాకి వెళ్దాం, ఎందుకంటే కథంతా అక్కడే పుట్టింది. బ్రిటిష్ పాలనలో అక్కడ ఆంగ్లికన్ చర్చి అధికార మతం. ఎవరు ఏ మతం వాళ్లయినా ఆ చర్చి పాదిరీల జీతానికి పన్ను కట్టాల్సిందే. బాప్టిస్టులు అనే ఇంకో క్రైస్తవ శాఖవాళ్లు ఊరూరా తిరిగి లైసెన్సు లేకుండా బోధిస్తున్నారని 1760లు, 70లలో వాళ్ల బోధకుల్ని జైల్లో పెట్టేవారు. 1774లో జేమ్స్ మాడిసన్ అనే కుర్రవాడు తన స్నేహితుడికి రాసిన ఉత్తరంలో, పొరుగు కౌంటీలో బోధకులు జైల్లో ఉన్నారని బాధపడుతూ రాశాడు. తర్వాత రాజ్యాంగ రచనలో, మొదటి సవరణలో ముఖ్యపాత్ర ఆయనదే.

స్వాతంత్ర్యం వచ్చాక, 1784లో, ప్యాట్రిక్ హెన్రీ అనే వర్జీనియా నాయకుడు ఒక బిల్లు తెచ్చాడు. ఈసారి ఒక్క చర్చికే కాదు, క్రైస్తవ బోధకులందరికీ పన్ను డబ్బు ఇద్దాం, ఎవరి పన్ను ఏ చర్చికి పోవాలో కట్టేవాళ్లే చెప్పుకోవచ్చు అన్నది దాని ఉద్దేశం. వినడానికి ఉదారంగానే ఉంది. మాడిసన్ మాత్రం దీన్ని గట్టిగా ఎదిరించి 1785లో ఒక విన్నపం రాశాడు. మతం కోసం ఒక మనిషి దగ్గర మూడు పెన్నీలు బలవంతంగా వసూలు చేయగల ప్రభుత్వం, రేపు అదే మనిషిని తాను చెప్పిన మతంలోకే రమ్మనీ అనగలదని ఆయన వాదన. ఇలాంటి విన్నపాల మీద వేలమంది సంతకాలు పెట్టారు. వాళ్లలో ఎక్కువమంది నాస్తికులు కారు. బాప్టిస్టులు, ప్రెస్బిటేరియన్లు, అంటే దేవుణ్ణి గట్టిగా నమ్మేవాళ్లు. హెన్రీ బిల్లు మూలన పడింది. దాని స్థానంలో 1786లో థామస్ జెఫర్సన్ రాసిన మత స్వేచ్ఛా చట్టం పాసయింది.

ఆ చట్టం గురించి జెఫర్సన్ తన ఆత్మకథలో చెప్పిన సంగతి ఒకటి తెలుగు పాఠకులకు చెప్పకుండా ముందుకు పోలేను. చట్టం పీఠికలో యేసు క్రీస్తు పేరు చేర్చాలని కొందరు పట్టుబట్టారట. సభ దాన్ని భారీ మెజారిటీతో తోసిపుచ్చింది. యూదులు, క్రైస్తవులు, మహమ్మదీయులు, హిందువులు, ఏ నమ్మకమూ లేనివాళ్లు, అందరూ ఈ రక్షణ కిందికి రావాలన్నదే సభ అభిప్రాయమనడానికి అది రుజువని ఆయన రాశాడు. 'హిందువు' అన్న మాట ఆయనే వాడాడు. అప్పటికి వర్జీనియాలో హిందువులకు గుడి కాదు కదా, ఊరూ పేరూ లేదు. జెఫర్సన్ తన సమాధి మీద చెక్కించుకోవడానికి మూడే విషయాలు ఎంచుకున్నాడు. అధ్యక్ష పదవి వాటిలో లేదు, ఈ చట్టం ఉంది.

'గోడ' అన్న మాట కూడా ఆయన ఉత్తరంలోంచే వచ్చింది. 1802 జనవరి 1న, అధ్యక్షుడిగా ఉండగా, కనెటికట్ రాష్ట్రంలో డాన్‌బరీ బాప్టిస్టులకు జవాబు రాస్తూ, మొదటి సవరణ చర్చికీ రాజ్యానికీ మధ్య ఒక గోడ కట్టిందన్నాడు. ఆ బాప్టిస్టులు ఎందుకు రాశారంటే, వాళ్ల రాష్ట్రంలో కాంగ్రిగేషనల్ చర్చి అధికార మతం. తమ స్వేచ్ఛ ప్రభుత్వం దయతలచి ఇచ్చినట్టుంది తప్ప హక్కుగా లేదని వాళ్ల గోడు. ఇంకా వెనక్కి వెళ్తే, 1644లోనే రోజర్ విలియమ్స్ ఇలాంటి మాట రాశాడు. మసాచుసెట్స్ నుంచి వెళ్లగొడితే వచ్చి ప్రావిడెన్స్ ఊరు కట్టుకున్న మతబోధకుడు ఆయన. చర్చి అనే తోటలోకి లోకమనే అడవి చొరబడకుండా కంచె ఉండాలన్నాడు. ఆయనకు భయం చర్చి రాజ్యాన్ని పాడుచేస్తుందని కాదు, రాజ్యం చేయి పడితే భక్తి చెడిపోతుందని. అప్పట్లో బోస్టన్‌లో క్వేకర్లు అనే క్రైస్తవ శాఖవాళ్లను ఉరితీసిన రోజులు కూడా ఉన్నాయి. 1660లో మేరీ డయర్‌ను అలాగే ఉరితీశారు.

నెల్లూరు, ఒంగోలు ప్రాంతాల బాప్టిస్టు కుటుంబాలకు ఇది దూరపు కథేమీ కాదు. 1878లో గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇప్పించిన జాన్ క్లౌ, ఆయన్ని పంపిన మిషను, ఈ అమెరికన్ బాప్టిస్టు సంప్రదాయానికి చెందినవే.

మొదటి సవరణ ఆపింది కాంగ్రెస్‌ను మాత్రమే, రాష్ట్రాలను కాదు. అందుకే కనెటికట్‌లో 1818 దాకా, మసాచుసెట్స్‌లో 1833 దాకా అధికార చర్చి కొనసాగింది. తర్వాత కూడా ప్రభుత్వ స్కూళ్లలో ప్రొటెస్టెంట్ల బైబిలే చదివించేవారు. ఐర్లండ్ నుంచి వచ్చిన కేథలిక్కులు తమ పిల్లల్ని తమ బైబిలు చదవనివ్వమని అడిగారు. 1844లో ఫిలడెల్ఫియాలో ఈ గొడవతో రాజుకున్న అల్లర్లలో మనుషులు చచ్చిపోయారు, చర్చిలు తగలబడ్డాయి. చంపినవాళ్లూ చచ్చినవాళ్లూ క్రైస్తవులే. స్కూల్లో 'మన ప్రార్థన' అన్నప్పుడు ఆ 'మన' ఎవరు అన్న ప్రశ్న హిందువులో ముస్లిములో వచ్చాక పుట్టింది కాదు.

అంతర్యుద్ధం తర్వాత 1868లో వచ్చిన పద్నాలుగో సవరణ రాష్ట్రాలను కూడా హక్కులకు కట్టేసింది. దాని ఆధారంగా సుప్రీంకోర్టు 1940లో మతాచరణ స్వేచ్ఛను, 1947లో అధికార మత నిషేధాన్ని రాష్ట్రాలకూ వర్తింపజేసింది. ఆ 1947 కేసు, ఎవర్సన్, విచిత్రమైనది. న్యూజెర్సీలో కేథలిక్ స్కూలు పిల్లల బస్సు చార్జీలు ప్రభుత్వం తిరిగి ఇవ్వొచ్చా అన్నది ప్రశ్న. జస్టిస్ హ్యూగో బ్లాక్ జెఫర్సన్ గోడను గుర్తుచేసి, అది ఎత్తుగా, బీటలు లేకుండా ఉండాలని రాసి, చివరికి బస్సు చార్జీలు ఇవ్వొచ్చని తేల్చాడు. పిల్లలందరికీ ఇచ్చే సౌకర్యం కాబట్టి పర్వాలేదన్నాడు. తీర్పు 5-4. ఆ తర్వాత వచ్చిన తగవులన్నిటికీ బీజాలు ఆ ఒక్క తీర్పులోనే ఉన్నాయి.

ఇక స్కూలు గది. ఈ వ్యవహారమంతటికీ గుండెకాయ అదేనని నేననుకుంటాను. 1962 నాటి ఎంగెల్ కేసులో ఆ 22 మాటల ప్రార్థనను రాసింది న్యూయార్క్ రాష్ట్ర విద్యాధికారులు. ఏ మతం పేరూ లేకుండా జాగ్రత్తపడ్డారు, ఇష్టం లేని పిల్లలు చెప్పనక్కర్లేదన్నారు. అయినా సుప్రీంకోర్టు 6-1తో కొట్టేసింది. ప్రార్థన రాయడం ప్రభుత్వం పని కాదన్నది తీర్పు సారం. రాసింది మళ్లీ బ్లాకే, ఒకప్పుడు బాప్టిస్టు సండే స్కూల్లో పాఠాలు చెప్పినవాడు. మరుసటి ఏడాది పెన్సిల్వేనియా కేసులో రోజూ పది బైబిలు వచనాలు చదివించే చట్టం కూడా 8-1తో పోయింది. ఆ కేసుకు మూలం ఒక హైస్కూలు కుర్రవాడు. 1956లో అందరూ బైబిలు వింటుంటే ఖురాన్ తెచ్చుకుని మౌనంగా చదువుకున్నందుకు అతన్ని ప్రిన్సిపాల్ దగ్గరికి పంపారు.

'దేవుణ్ణి స్కూల్లోంచి తరిమేశారు' అన్న మాట అప్పటినుంచీ వినిపిస్తూనే ఉంది. అది నిజం కాదు. పిల్లలు తమంతట తాము ప్రార్థన చేసుకోవచ్చు, భోజనం ముందు కళ్లు మూసుకోవచ్చు. చరిత్రలో భాగంగా, సాహిత్యంగా బైబిలును పాఠంగా చెప్పవచ్చని 1963 తీర్పే చెప్పింది. 1984 నాటి ఒక కేంద్ర చట్టం ప్రకారం ఇతర క్లబ్బులకు చోటిచ్చే హైస్కూళ్లు విద్యార్థుల మత క్లబ్బుకూ చోటివ్వాలి. కుదరనిది ఒక్కటే. టీచరు, ప్రిన్సిపాలు, అంటే ప్రభుత్వ జీతంతో పిల్లల మీద అధికారం ఉన్నవాళ్లు, ఆ ప్రార్థనను నడిపించకూడదు. క్లాసులో ముప్పైమంది లేచి నిలబడితే ఒక్క పిల్ల కూర్చుని ఉండటానికి ఎంత ధైర్యం కావాలో మనకి తెలియంది కాదు.

దీనికి ముందు మాట 1943లోనే వచ్చింది. యెహోవా సాక్షుల పిల్లలు జెండాకు వందనం చేయడం తమ మతానికి విరుద్ధమన్నారు. 1940లో సుప్రీంకోర్టు వాళ్ల మాట తోసిపుచ్చింది, 8-1. ఆ తర్వాత దేశమంతటా వాళ్ల మీద దాడులు జరిగాయి, పిల్లల్ని స్కూళ్లనుంచి వెళ్లగొట్టారు. మూడేళ్లకే, ప్రపంచ యుద్ధం మధ్యలో, బార్నెట్ కేసులో అదే కోర్టు తన తీర్పును తనే తిరగరాసింది. మతంలోగాని, దేశభక్తిలోగాని ఏది సరైన నమ్మకమో నిర్ణయించే అధికారం ఏ చిన్న, పెద్ద అధికారికీ లేదని జస్టిస్ రాబర్ట్ జాక్సన్ రాశాడు. 1986లో కేరళలో ఇదే మతానికి చెందిన పిల్లల్ని జాతీయ గీతం పాడలేదని స్కూల్లోంచి పంపేస్తే, మన సుప్రీంకోర్టు వాళ్లను తిరిగి చేర్చుకోమంది. ఆ తీర్పు రాసింది మన తెలుగువాడు జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి. అందులో ఆయన బార్నెట్ తీర్పునూ ప్రస్తావించారు. ఆ రెండు తీర్పులూ పక్కపక్కన పెట్టుకుని చదవాలి.

మరి డాలరు నోటు? దేవుణ్ణి నమ్ముతాం అన్న నినాదం నాణేల మీదికి 1864లో వచ్చింది, జాతీయ నినాదమైంది మాత్రం 1956లో. జెండా ప్రతిజ్ఞలో దేవుడి మాట 1954లో చేర్చారు. సోవియట్ యూనియన్‌తో ప్రచ్ఛన్నయుద్ధం జోరుగా ఉన్న రోజులు, దైవాన్ని ఒప్పుకోని కమ్యూనిస్టుల కన్నా మేం వేరని చూపించుకోవాలన్న తహతహ. అంటే వీటిలో ఎక్కువ భాగం దేశం పుట్టిన నాటి సంప్రదాయం కాదు. కోర్టులు వీటిని పాత ఆనవాయితీగా, లాంఛనంగా చూసి వదిలేస్తున్నాయి. చట్టసభ ప్రార్థనను కూడా 1983లో చరిత్ర పేరు చెప్పే నిలబెట్టారు. వినేది పెద్దవాళ్లు కదా, లేచి వెళ్లిపోగలరు అన్న ఆలోచనా దీని వెనక ఉంది. ఈ వాదన నాకు పూర్తిగా నచ్చదు. 2007లో సెనేట్‌లో రాజన్ జెడ్ హిందూ ప్రార్థన మొదలుపెట్టగానే గ్యాలరీలోంచి ముగ్గురు అరిచి అడ్డుపడ్డారు, పోలీసులు అరెస్టు చేసి తీసుకెళ్లారు. లాంఛనమని అందరూ అనుకునేది తమవాళ్లు చేస్తున్నంతసేపే. 2005లో అయితే సుప్రీంకోర్టు ఒకే రోజు రెండు తీర్పులిచ్చింది. టెక్సాస్ అసెంబ్లీ ఆవరణలో పది ఆజ్ఞల రాయి ఉండొచ్చంది, కెంటకీ కోర్టుల్లో పది ఆజ్ఞల పటాలు ఉండకూడదంది. రెండూ 5-4. అటూ ఇటూ మారిన ఓటు జస్టిస్ బ్రేయర్‌ది.

రెండో నిషేధం, అంటే ఆచరణను అడ్డుకోవద్దన్నది, వేరే దారిలో నడిచింది. పిల్లల్ని ఎనిమిదో తరగతి తర్వాత స్కూలుకు పంపం అన్న అమిష్ అనే క్రైస్తవ శాఖ కుటుంబాలు 1972లో గెలిచాయి. పూజలో పెయోటీ అనే మత్తు మొక్క తీసుకున్న ఆదివాసీ చర్చి సభ్యులు 1990లో ఓడిపోయారు. అందరికీ ఒకేలా వర్తించే చట్టమైతే మతం పేరుతో మినహాయింపు అడగలేరని కోర్టు అంది. కాంగ్రెస్‌లో రెండు పార్టీలూ కలిసి 1993లో చట్టం చేసి ఆ రక్షణను మళ్లీ తెచ్చాయి. ఆ చట్టం కిందే 2014లో హాబీ లాబీ కంపెనీ, యజమానుల నమ్మకం పేరు చెప్పి, ఉద్యోగుల బీమాలో కొన్ని గర్భనిరోధక సాధనాలకు డబ్బు కట్టనక్కర్లేదన్న తీర్పు తెచ్చుకుంది. బలహీనుడి కవచంగా పుట్టింది బలవంతుడి చేతికీ అందుతుందని ఆ కేసు చూపించింది.

గత పదేళ్లలో త్రాసు ఈ రెండో నిషేధం వైపు బాగా ఒరిగింది. ప్రైవేటు స్కూళ్లకు ప్రభుత్వం డబ్బిస్తే మత స్కూళ్లను పక్కన పెట్టకూడదని 2020లో మోంటానా కేసులో, 2022లో మెయిన్ రాష్ట్రం కేసులో కోర్టు చెప్పింది. ఒకప్పుడు 'ఇవ్వొచ్చా' అన్న ప్రశ్న ఉండేది, ఇప్పుడది 'ఇచ్చి తీరాలి' దాకా వచ్చింది. మాడిసన్ మూడు పెన్నీల మాట ఇప్పుడు మళ్లీ చదివితే మనసు కలుక్కుమంటుంది. అదే 2022లో, ఆట అయిపోయాక మైదానం మధ్యలో మోకరిల్లి ప్రార్థించిన స్కూలు ఫుట్‌బాల్ కోచ్‌కు అనుకూలంగా 6-3 తీర్పు వచ్చింది. అది అతని సొంత ప్రార్థన అని మెజారిటీ చూసింది. జస్టిస్ సోటోమయోర్ తన భిన్నతీర్పులో చుట్టూ పిల్లలు మోకరిల్లిన ఫొటోలు జతచేసింది. జట్టులో చోటు ఇచ్చేది కోచే అయినప్పుడు పిల్లవాడు పక్కన నిలబడి చూస్తూ ఉండగలడా? నేను ఆ ఫొటోల పక్షం. 2025 మేలో ఓక్లహోమాలో కేథలిక్ చార్టర్ స్కూలును (చార్టర్ స్కూలంటే ప్రభుత్వ డబ్బుతో విడి సంస్థ నడిపే స్కూలు) ప్రభుత్వ డబ్బుతో నడపొచ్చా అన్న కేసు 4-4గా ఆగిపోయింది, ఒక జడ్జి తప్పుకున్నారు. ప్రశ్న అలాగే మిగిలింది.

గోడకు ఇంకో వైపు ఉంది, దాన్ని మనం గమనించేది తక్కువ. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో పెద్ద గుడి అంటే దేవాదాయ శాఖ, ఈవో, ప్రభుత్వం వేసే ధర్మకర్తల మండలి. 1987 చట్టం అర్చకుల వంశపారంపర్య హక్కును తీసేసింది, 1996లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. అమెరికాలో ఇలాంటిది ఊహకు కూడా అందదు. 1945లో న్యూయార్క్ రాష్ట్రం తన చట్టాన్ని మార్చి, రష్యన్ ఆర్థడాక్స్ చర్చిల పెత్తనాన్ని మాస్కో నుంచి తప్పించి అమెరికాలోని శాఖకు అప్పజెప్పింది. చర్చిలో పెద్ద ఎవరో తేల్చే పని ప్రభుత్వానిది కాదని 1952లో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని కొట్టేసింది. 2012లో జడ్జిలందరూ ఒకే మాటగా, ఎవర్ని మతగురువుగా ఉంచాలో తీసేయాలో మతసంస్థ ఇష్టమన్నారు. పిట్స్‌బర్గ్ దగ్గర పెన్ హిల్స్‌లో 1970ల్లో వెలసిన వేంకటేశ్వరాలయం నుంచి నేటి గుళ్ల దాకా అన్నీ భక్తులు నడుపుకునే లాభాపేక్ష లేని సంస్థలే. పన్ను మినహాయింపు ఉంది, అధికారి పెత్తనం లేదు. గుడి కట్టుకోవడానికి, ఎక్కడ ఏం కట్టొచ్చో తేల్చే ఊరి జోనింగ్ బోర్డు అన్యాయంగా అడ్డుపడితే 2000 నాటి కేంద్ర చట్టం చేతిలో ఉంది.

అలాగని మన పద్ధతి అంతా తప్పనను. గుడి తలుపులు దళితులకు మూసి ఉన్న దేశంలో రాజ్యాంగం రాసినవాళ్లకు ఆ తలుపు తెరిపించే అధికారం ప్రభుత్వానికి ఇవ్వక తప్పలేదు. అమెరికా గోడ ఉంటే ఆ పని అంత సులువుగా జరిగేది కాదు. ఆ అధికారం తలుపు తెరిచాక హుండీ లెక్కల దాకా, బోర్డులో ఎవరి మనిషి కూర్చోవాలన్నదాని దాకా పాకడమే నాకు బాధ.

టెక్సాస్ 2025లో ఒక చట్టం చేసింది. ప్రతి ప్రభుత్వ స్కూల్లో, ప్రతి క్లాసులో, కనీసం 16 అంగుళాలు, 20 అంగుళాల కొలతతో, పిల్లలకు కనపడేలా పది ఆజ్ఞల పటం పెట్టాలి. లూయిజియానా 2024లోనే ఇలాంటి చట్టం చేసింది. అప్పటికి కెంటకీ చేసిన ఇలాంటి చట్టాన్నే సుప్రీంకోర్టు 1980లో కొట్టేసి నలభై ఏళ్లు దాటింది. టెక్సాస్ మీద కోర్టుకెక్కిన కుటుంబాల్లో యూదులున్నారు, క్రైస్తవులున్నారు, హిందువులున్నారు, ఏ మతమూ లేనివాళ్లూ ఉన్నారు. జెఫర్సన్ రాసిన జాబితా దాదాపుగా అదే. 2025 ఆగస్టులో ఒక ఫెడరల్ జడ్జి కొన్ని స్కూలు డిస్ట్రిక్టుల్లో దాన్ని ఆపారు, వ్యవహారం పై కోర్టుకు వెళ్లింది.

డాలస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్ స్కూళ్లలో మన తెలుగు పిల్లలు వేలల్లో చదువుకుంటున్నారు. పొద్దున ఇంట్లో వేంకటేశ్వరుడి పటానికో, దుర్గమ్మ పటానికో దండం పెట్టుకుని బస్సెక్కే పిల్లలు ఉంటారు, ఆదివారం తెలుగు చర్చికి వెళ్లే పిల్లలు ఉంటారు. ఆ పటంలో మొట్టమొదటి ఆజ్ఞ: నేను తప్ప వేరొక దేవుడు నీకు ఉండకూడదు. దాని కిందిది, విగ్రహాలు చేసుకోకూడదని. చర్చిలో ఆ మాట పాస్టరు చెప్తాడు, విన్నవాళ్లు ఇష్టపడి వచ్చినవాళ్లు. క్లాసు గోడ మీద ఆ మాట చెప్పేది టెక్సాస్ రాష్ట్రం, వినేది ఆరేళ్ల పిల్ల, హాజరు తప్పనిసరి.